రెండు నిమిషాల ఫిల్మ్ ఓపెనింగ్‌కి ఏ జానర్ తీసుకోవాలి? టీమ్‌లో నలుగురం నాలుగు వైపులా ఉన్నాం

విశాఖ_విస్‌కామ్:

అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో విజువల్ కమ్యూనికేషన్ ఫస్టియర్. ఈ సెమిస్టర్ ప్రాక్టికల్ ఏంటంటే ఒక ఫుల్ లెంగ్త్ సినిమా ఉందనుకుని దాని మొదటి రెండు నిమిషాలు మాత్రమే తియ్యాలి, టైటిల్స్‌తో కలిపి. షార్ట్ ఫిల్మ్ కాదు, కథ అయిపోకూడదు, సినిమా ఇప్పుడే మొదలైనట్టు ఉండాలి అని సార్ పదే పదే చెప్పారు. ఏ జానరో చూసినవాళ్ళకి చెప్పకుండానే తెలియాలంట, తర్వాత ఆ జానర్ ఎందుకు తీసుకున్నామో ఒక రిపోర్ట్ కూడా రాయాలి.

మేం నలుగురం, ఇద్దరు అమ్మాయిలం ఇద్దరు అబ్బాయిలు. ఒకడు హారర్ అంటాడు, ఇంకొకడు థ్రిల్లర్, కిడ్నాప్ సీన్‌తో మొదలవ్వాలంటాడు, నా ఫ్రెండ్‌కి కాలేజ్ లవ్ స్టోరీ కావాలి. నాకేమో ఇంట్లో మనుషుల మధ్య జరిగే కథ ఇష్టం, కానీ ఫ్యామిలీ డ్రామా అంటే రెండు నిమిషాల్లో ఏం కనిపిస్తుంది, మార్కులు రావు అంటున్నారు ముగ్గురూ. వారం రోజులుగా ఇదే గొడవ, ఒక్క షాట్ కూడా తియ్యలేదు. ఇంకా మూడు వారాలే ఉంది.

మా దగ్గర ఉన్నవి: ఒక పాత డీఎస్ఎల్ఆర్, రెండు ఫోన్లు, ఒక కాలర్ మైక్, ఒక ట్రైపాడ్, నాలుగు వేల రూపాయలు. అనకాపల్లిలో మా అమ్మమ్మ వాళ్ళ పాత పెంకుటిల్లు ఉంది, నుయ్యి, గిలక, ఉయ్యాల బల్ల అన్నీ ఉన్నాయి, అక్కడ ఎన్ని రోజులైనా తీసుకోవచ్చు. యాక్టింగ్‌కి మేమే, ఇంకా కావాలంటే అమ్మమ్మ వీధిలో వాళ్ళు.

ఏ జానర్ తీసుకుంటే మంచిదో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కట్‌పాయింట్:

చూడమ్మా, నేను హైదరాబాద్‌లో ఎడిటర్‌ని, స్టూడెంట్స్ తీసినవి చాలా వస్తాయి నా టేబుల్ మీదకి. నువ్వు ఏ జానర్ అని అడిగావు కానీ నీ పోస్ట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట నుయ్యి గిలక. పిండి కొద్దీ రొట్టె అంటారు చూడు, జానర్ కూడా అంతే, ముందు జానర్ అనుకుని దానికి తగ్గ లొకేషన్ వెతుక్కోవడం డబ్బున్నవాళ్ళు చేసే పని, మనం ఉన్న చోటు ముందు చూసుకుని అది ఏ జానర్‌కి పలుకుతుందో వినాలి.

కిడ్నాప్ ఓపెనింగ్ మాత్రం వద్దనే చెప్తాను. కుర్చీకి కట్టేసిన మనిషి, నోటికి ప్లాస్టర్, పైన ఒక బల్బు ఊగుతూ ఉంటుంది, ఎవరివో బూట్లు నడిచొస్తాయి. ఇది నేను ఎన్నిసార్లు కట్ చేశానో లెక్క లేదు. అందులో తప్పేం లేదు, కానీ కుర్రాడు విలన్‌లా నిలబడగానే ఇది స్టూడెంట్ ఫిల్మ్ అని తెలిసిపోతుంది, వయసు సరిపోదు, గొంతు సరిపోదు. పైగా బయట రోడ్డు మీద బొమ్మ తుపాకీ, కత్తి పట్టుకుని షూట్ చేస్తే ఎవరో ఒకరు నిజమనుకుని పోలీసులకి ఫోన్ చేస్తారు, అది వేరే తలనొప్పి.

లవ్ స్టోరీకి ఇబ్బంది ఇంకొకటి. అది పూర్తిగా ముఖాల మీద నడుస్తుంది, ఇద్దరి మధ్య ఏదో ఉంది అని చూసేవాడు నమ్మాలి, దానికి యాక్టర్లు కావాలి, డైలాగ్ శుభ్రంగా వినిపించాలి. కాలేజ్ కారిడార్‌లో కాలర్ మైక్ పెట్టి డైలాగ్ రికార్డ్ చేసి చూడు, గోడలకి కొట్టుకుని గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఓపెనింగ్ చెయ్యాల్సిన పని ఒక్కటే. చూసేవాడి మనసులో ఒక ప్రశ్న పెట్టి, జవాబు చెప్పకుండా వదిలెయ్యాలి. 1975లో వచ్చిన జాస్ మొదటి సీన్ చూడు, రాత్రి పూట ఒక అమ్మాయి సముద్రంలోకి ఈతకి వెళ్తుంది, నీళ్ళలో ఏదో లాగేస్తుంది, సొరచేప అసలు కనిపించదు. ఆ సినిమాకి చేసిన మెకానికల్ చేప షూటింగ్‌లో సరిగ్గా పనిచెయ్యక చాలాసార్లు ఇబ్బంది పెట్టింది, దాన్ని దాచి తియ్యాల్సి రావడమే సినిమాకి మేలు చేసింది. లేనిదాన్ని ఎలా దాచాలో ఆలోచిస్తే నాలుగు వేలు కూడా సరిపోతాయి.

శబ్దం_ముఖ్యం:

అన్న చెప్పింది కరెక్టే గానీ హారర్‌ని మొత్తానికే పక్కన పెట్టకుండ్రి. నేను కరీంనగర్, సౌండ్ పని చేస్త. హారర్ అంటే అందరు తెల్ల చీర, జుట్టు విరబోసుకున్న పిల్ల అనుకుంటరు, గది మేకప్ హారర్, గది మీతోని కాదు. శబ్దంతోని చేసే హారర్ అన్నిటికంటే చీప్‌ల అయితది. మీ అమ్మమ్మ ఇంట్ల గిలక ఉన్నది కదా, ఒక్కసారి పొద్దుగాల నాలుగున్నరకి లేచి ఫోన్ దగ్గర పెట్టి ఆ చప్పుడు రికార్డ్ చేసి హెడ్‌ఫోన్ల వినుండ్రి. నూతి దగ్గర ఎవ్వరు లేకుండ గిలక తిరుగుతున్న చప్పుడు వస్తే సాలు, మనిషి అక్కర్లేదు, దెయ్యం అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఏ జానర్ తీసినా ప్రతి లొకేషన్ల అందరు నోరు మూసుకుని ఒక నిమిషం ఊకె రికార్డ్ చెయ్యుండ్రి, రూమ్ టోన్ అంటం దాన్ని. గది లేకపోతే కట్ కట్‌కి వెనుకటి చప్పుడు మారుకుంట పోతది, ఎంత మంచి షాట్ అయినా అతుకులు కనవడ్తయి. ఫ్రిజ్ బంద్ చెయ్యుండ్రి, ఫ్యాన్ బంద్ చెయ్యుండ్రి. ఫ్రిజ్ బంద్ చేసినంక మీ స్కూటర్ తాళాలు అండ్లనే పెట్టుండ్రి, ఇంటికి పొయ్యేటప్పుడు తాళాల కోసం తలుపు తీస్తరు, ఆన్ చేసుడు యాదికొస్తది. ఇది మా సెట్ల అందరం చేసే పనే.

ఎడారి_తెలుగు:

నేను దుబాయ్‌లో చదువుకున్నాను, కేంబ్రిడ్జ్ ఏఎస్ (మన ఇంటర్ స్థాయి కోర్సు) మీడియా స్టడీస్‌లో ఇదే టాస్క్, కొత్త సినిమా టైటిల్స్ ప్లస్ ఓపెనింగ్, ఎక్కువలో ఎక్కువ రెండు నిమిషాలు. మా క్లాస్‌లో నాలుగు గ్రూపులుంటే మూడు థ్రిల్లర్లే, అందులో మాది ఒకటి. హుడీ వేసుకున్న మనిషి వెంటపడటం, అమ్మాయి వెనక్కి తిరిగి చూడటం, కట్ టు బ్లాక్. స్క్రీనింగ్ రోజు మూడూ వరసగా వేసేసరికి మాది ఏదో మాకే గుర్తుపట్టడం కష్టమైంది, చాలా బాధేసింది, నెల రోజులు కష్టపడ్డాం. నాలుగో గ్రూప్ వాళ్ళు ఒక కేరళ అబ్బాయి వాళ్ళ నాన్న ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే ముందు పెట్టె సర్దుకోవడం తీశారు, అంతే, పెట్టె బరువు తూచడం, ఒక్కొక్క వస్తువు తీసి బయట పెట్టెయ్యడం. క్లాస్ మొత్తం సైలెంట్ అయిపోయింది. కాబట్టి డ్రామాలో ఏం కనిపించదు అని మీ వాళ్ళు అంటే నమ్మకండి అక్కా.

రిపోర్ట్ గురించి ఒక మాట. స్టీవ్ నీల్ అని సినిమా జానర్ల మీద రాసిన ఒకాయన జానర్ అంటే రిపిటీషన్, డిఫరెన్స్ రెండూ కలిసినదే అంటాడు, తెలిసినది ఉండాలి, అందులో కొత్తది కూడా ఉండాలి. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ చెప్పిన ఎనిగ్మా కోడ్ కూడా పనికొస్తుంది, పైన ఎడిటర్ గారు చెప్పిన ప్రశ్న అదే. మ్యూజిక్ మాత్రం సినిమాల్లోంచి తీసుకోకండి, మాకైతే కాపీరైట్ లేనిది గానీ సొంతది గానీ అయి ఉండాలి, మీ కాలేజ్ రూల్ ఏంటో ముందే అడగండి.

విశాఖ_విస్‌కామ్:

చాలా థాంక్స్ అందరికీ. ఇవన్నీ టీమ్‌కి చూపించాను. నిన్న అనకాపల్లి వెళ్ళి ఇల్లు మొత్తం తిరిగి ఫోటోలు తీశాం. అక్కడ ఒకటి తట్టింది, ఇది ఏ జానర్‌లోకి వస్తుందో మాకే తెలీట్లేదు.

అమ్మమ్మ ఇంటి ఎదురుగా ఒక ఇల్లు చాలా ఏళ్ళుగా తాళం వేసి ఉంది, తాళం తుప్పు పట్టేసింది, గోడ మీద పిచ్చి మొక్కలు మొలిచాయి. పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు సైకిల్ మీద వీధిలోకి వస్తాడు, ప్రతి గుమ్మం ముందు ముగ్గు ఉంటుంది, తాళం వేసిన ఆ ఇంటి ముందు కూడా ముగ్గు ఉంటుంది. తడి ఇంకా ఆరలేదు. అంతే మా ఐడియా. హారర్ అన్నవాడు ఇది హారరే అన్నాడు, థ్రిల్లర్ అన్నవాడు ఇది మిస్టరీ అన్నాడు, నాకు మాత్రం ఆ ముగ్గు వేసిన మనిషి ఎవరా అనే ఉంది. మళ్ళీ గొడవే 🙁

కట్‌పాయింట్:

అమ్మా, ఇది గొడవ పడాల్సిన విషయం కాదు, మీకు దొరికేసింది. ఇంత మంచి బొమ్మ దొరికాక జానర్ అనేది కెమెరా ఎక్కడ పెడతావు, ఏం వినిపిస్తావు, ఎక్కడ కట్ చేస్తావు అన్నదాన్ని బట్టి తేలుతుంది. కాగితం మీద మూడు రకాలుగా రాసి చూద్దాం.

హారర్ అనుకో. కుర్రాడిని తాళం వేసిన ఇంటి లోపల్నించి చూస్తాం, కిటికీ ఊచల్లోంచి, కెమెరా కొంచెం ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతుంది. 1978 హాలోవీన్ మొదలయ్యేది అలాగే, చంపేవాడి కళ్ళతో మనం ఇంట్లోకి నడుస్తాం, చివర్న మాస్క్ తీస్తే చిన్న పిల్లాడు. నీకు మాస్క్ అక్కర్లేదు, లోపల మనిషి ఉన్నారని అనిపిస్తే చాలు. వీధిలోకి సైకిల్ వచ్చినప్పుడు పిట్టలు అరుస్తుంటాయి, ఆ గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్క చప్పుడూ పోతుంది. ముగ్గు గీత గడప దగ్గర ఆగదు, తలుపు కిందనుంచి లోపలికి పోతుంది. కట్. టైటిల్.

అదే మిస్టరీ అయితే కుర్రాడి వైపే ఉంటాం, లోపలికి వెళ్ళం. మొదటి రోజు చూసి వదిలేస్తాడు, రెండో రోజు ఆగుతాడు, మూడో రోజు ఇంకా చీకటి ఉండగానే వచ్చి సందులో కాచుకుని కూర్చుంటాడు. నిద్ర పట్టేస్తుంది. కళ్ళు తెరిచేసరికి ముగ్గు వేసేసి ఉంది, ఈసారి అతని సైకిల్ చుట్టూ వేశారు. ఇది రాస్తుంటే నాకే సరదాగా ఉంది.

డ్రామాగా తియ్యాలంటే దాచడం తక్కువ. ముందు ఒక ముసలావిడ చేతులు కనిపిస్తాయి, తన గుమ్మం ముందు ముగ్గు వేసి, నడుము పట్టుకుని లేచి, ముగ్గు గిన్నె పుచ్చుకుని వీధి దాటి, తాళం వేసిన ఇంటి ముందు మళ్ళీ వంగుతుంది. ఎవరు ఆ ఇంటివాళ్ళు, ఈవిడకేం అవుతారు, ఎందుకు వెళ్ళిపోయారు? ఇక్కడ భయం లేదు కానీ ప్రశ్న అంతకన్నా లోతుగా దిగుతుంది. నీ టీమ్ వాళ్ళు డ్రామాలో ఏం కనిపించదు అన్నారు కదా, ఆవిడ వీధి దాటడం చూపించు వాళ్ళకి.

ఏది తీసుకున్నా మూడింటిలోంచి ఒక్కొక్క ముక్క తెచ్చి కలపొద్దు. రెండు నిమిషాల్లో రెండు జానర్లు పట్టవు, ఎడిట్‌లో ఏదో ఒకటి తీసి పారెయ్యాల్సి వస్తుంది, అప్పుడు ఆ షాట్ తీసినవాడు అలుగుతాడు.

ముగ్గు_గిన్నె:

నేను సినిమా మనిషిని కాదు, మా అబ్బాయి చూపిస్తే చదివాను. అమ్మాయీ, నీ ఆలోచన చాలా బావుంది. ఒక్క సంగతి మీరెవరూ రాయలేదు. ఇంట్లో ఎవరైనా పోతే మైల ఉన్నన్ని రోజులూ ముగ్గు వెయ్యరు, వీధిలో నడిచి వెళ్ళేవాళ్ళకి ముగ్గు లేని గుమ్మం చూస్తేనే ఆ ఇంట్లో ఏదో జరిగిందని తెలుస్తుంది. కాబట్టి ముగ్గు ఉందంటే ఇంట్లో మనుషులు ఉన్నారు, బావున్నారు అని అర్థం. తాళం వేసిన ఇంటికి ముగ్గు వెయ్యడం అంటే ఆ ఇల్లు బతికే ఉంది అని ఎవరో వీధికంతా చెప్తున్నట్టు. మన చూసేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక పని సంగతి. సిమెంటు నేల మీద పొడిగా వేస్తే ముగ్గు తేలదు, ముందు కళ్ళాపి జల్లండి, పేడ నీళ్ళు దొరికితే ఇంకా మంచిది, నేల ముదురు రంగులోకి వస్తుంది, తెల్లగీత చీకట్లో కూడా కనిపిస్తుంది. వట్టి బియ్యప్పిండి సన్నగా ఉంటుంది, గాలికి పోతుంది, ముగ్గురాయి పిండి కలుపుకోండి. అలవాటు లేని చెయ్యి కెమెరాలో తెలిసిపోతుంది, గీత మధ్యలో తెగుతుంది, కాబట్టి చేతులు మీ అమ్మమ్మగారివే తీయండి. చుక్కలు ఎన్నో కాగితం మీద రాసిపెట్టుకోండి, తుడిచి మళ్ళీ వేసినప్పుడు అదే ముగ్గు రావాలి కదా.

శబ్దం_ముఖ్యం:

అమ్మ చెప్పిన మైల ముచ్చట చదివి నేను హారర్ మీదికెళ్ళి దిగిపోయిన. డ్రామా తియ్యుండ్రి. గిలక ఇప్పటికి కూడా పనికొస్తది, కళ్ళాపి నీళ్ళు తోడేటప్పుడు గిలక చప్పుడు బ్లాక్ స్క్రీన్ మీదనే మొదలు పెట్టుండ్రి, బొమ్మ కంటే ముందు చప్పుడు రావాలె. చీపురు చప్పుడు, నీళ్ళు జల్లే చప్పుడు, వేళ్ళలకెళ్ళి పిండి జారే చప్పుడు మైక్ చాలా దగ్గర పెట్టి వేరేగ రికార్డ్ చేసుకోండ్రి. మ్యూజిక్ అస్సలే పెట్టకుండ్రి అని నా మాట.

విశాఖ_విస్‌కామ్:

ఆంటీ, మీ మెసేజ్ టీమ్‌లో అందరికీ చదివి వినిపించాను, మైల గురించి చదవగానే హారర్ అన్నవాడే ముందు డ్రామా అన్నాడు. థ్రిల్లర్ అన్నవాడికి కుర్రాడి పాత్ర ఉండాలని ఉంది కాబట్టి పాల కుర్రాడు ఉంటాడు, కానీ కాచుకుని కూర్చోడు, ఆ ఇంటి గడప మీద ఒక ప్యాకెట్ పెట్టబోయి ఆగుతాడు, అమ్మమ్మ వైపు చూస్తాడు, ఆవిడ పెట్టమన్నట్టు తలూపుతుంది. అక్కడ టైటిల్ పడుతుంది. లవ్ స్టోరీ అడిగిన నా ఫ్రెండే టైటిల్స్ డిజైన్ చేస్తానంది.

అమ్మమ్మ ఒప్పుకుంది. ఒక్కసారి కూడా కెమెరా ముందు నిలబడలేదు ఎప్పుడూ, భయంగా ఉంది మాకు. రోజు మొత్తంలో ఎప్పుడు తియ్యాలి? మధ్యాహ్నం తీసి రంగు మార్చి తెల్లవారుజాములా చెయ్యొచ్చంటున్నారు.

కట్‌పాయింట్:

మధ్యాహ్నం వద్దు. వీధిలో ఎండ నీడలు నేల మీద పడతాయి, ఎంత నీలం చేసినా మధ్యాహ్నంలానే ఉంటుంది. తెల్లవారుజామునే తియ్యండి, సూర్యుడు రాకముందు ఆ నీలి వెలుతురు సుమారు ఇరవై నిమిషాలే ఉంటుంది, కాబట్టి ఒక్క రోజులో అవ్వదు, మూడు పొద్దులు పెట్టుకోండి. వైడ్ షాట్లు, ఆవిడ వీధి దాటడం ఆ ఇరవై నిమిషాల్లో తీసుకోండి, చేతుల క్లోజప్పులు ఎండ ఎక్కకముందు ఇంటి నీడలో తీసినా కలిసిపోతాయి. వీధి ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి, మన కరెంట్ 50 హెర్ట్జ్ కదా, లేకపోతే లైటు మినుకుమంటుంది. ఫోన్లు మామూలు కెమెరాలో ఫ్రేములు అటూ ఇటూ మార్చేస్తాయి, తర్వాత సౌండ్ జారిపోతుంది, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో లాక్ చెయ్యొచ్చు.

టైటిల్స్ చేసే అమ్మాయికి చెప్పు, ఒక్కొక్క పేరు కనీసం మూడు సెకన్లు నిలవాలి, ఎనిమిది పేర్లంటే పాతిక సెకన్లు పోయినట్టే, కాబట్టి షాట్ తీసేటప్పుడే ఫ్రేమ్‌లో ఒక పక్క ఖాళీ ఉంచాలి, తర్వాత ముగ్గు మీద పేరు వేస్తే రెండూ చెడతాయి. తెలుగులోనే వెయ్యండి. సురన్న, మండలి లాంటి ఫాంట్లు గూగుల్‌లో ఫ్రీ. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి, అలా అయితే అక్షరాలు వేరే చోట ఇమేజ్‌గా చేసుకుని తెచ్చి పెట్టుకోండి.

అమ్మమ్మగారి గురించి భయపడకు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం మీ ఊరి సినిమానే, అందులో నటించినవాళ్ళలో చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకుముందు నటించినవాళ్ళు కాదు. ఆవిడని యాక్ట్ చెయ్యమనకు, రోజూ వేసే ముగ్గు వెయ్యమను, కెమెరాని ముందుగానే దూరంగా ట్రైపాడ్ మీద పెట్టేసి మీరు పక్కకి తప్పుకోండి. యాక్షన్, కట్ అని అరవకండి, ఆవిడ గిన్నె పుచ్చుకుని వచ్చేటప్పటికే రికార్డింగ్ నడుస్తూ ఉండాలి.

ఎదురింటివాళ్ళ ఫోన్ నంబర్ కనుక్కుని ఒక్క మాట అడగండి. తాళం వేసి ఉన్నా ఇల్లు వాళ్ళది.

విశాఖ_విస్‌కామ్:

అడిగాం సార్. ఆ ఇంటి ఆయన బెంగుళూరులో ఉంటారు. తియ్యండమ్మా అన్నారు, తీశాక మాకూ పంపించండి, మా అమ్మ వేసే ముగ్గు చూసి చాలా ఏళ్ళయింది, మీ అమ్మమ్మకి ఆ ముగ్గు వచ్చు, ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు అన్నారు. అమ్మమ్మని అడిగితే వెంటనే చుక్కలు పెట్టి చూపించింది, పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకూ. అదే వేస్తున్నాం. శనివారం నాలుగున్నరకి మొదటి షాట్.